పడినప్పుడల్లా ఆత్మ తాకిందనుకున్నాను

మొదటిసారి పడినప్పుడు నన్ను ఎవరూ లేపలేదు.

అది శుక్రవారం కూడిక. బొమ్మనహళ్ళిలో మా తెలుగు సంఘం ఒక హార్డ్‌వేర్ షాపు పైన, రేకుల కప్పు వేసిన హాలులో కూడుకుంటుంది. ఆడవాళ్ళం ఎడమ వైపు చాపల మీద కూర్చుంటాం. ఆ రోజు అందరం మోకాళ్ళ మీద ఉండి చాలాసేపు ప్రార్థన చేశాం. తరువాత పాటకు లేవమన్నారు. నేను లేచి నిలబడ్డాను. మెడ వెనక, భుజాల మీద బరువు మోపినట్టు నొప్పి వచ్చింది. నా ముందున్న వాళ్ళ చీరల రంగులు పోయాయి. అంతా బూడిద రంగైంది. చెవుల్లో మిషన్ తిరిగినట్టు మోత. పాట ఎక్కడో కింద వీధిలో ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. ఆ తరువాత నాకు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి చాప మీద వెల్లకిలా ఉన్నాను. కాళ్ళ మీద ఎవరిదో చున్నీ కప్పి ఉంది. నాతో పాటు పనిచేసే రూతమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తోంది. చుట్టూ పాట సాగుతూనే ఉంది. మా సంఘంలో ప్రార్థనలో ఎవరైనా పడిపోతే లేపరు. పరిశుద్ధాత్మ తాకిందని, లేపితే ఆ పనికి అడ్డం వెళ్ళినట్టని మా నమ్మకం. ఆడవాళ్ళైతే చీర చెదరకుండా ఒక గుడ్డ కప్పి వదిలేస్తారు. అంతకుముందు వేరేవాళ్ళకు నేనూ అలా కప్పాను.

పడుకుని ఉంటే ఒళ్ళంతా తేలికైంది. నుదురు చల్లగా ఉంది. గుండె మెల్లగా కొట్టుకుంటోంది. అంత నెమ్మది నాకు ఎప్పుడూ కలగలేదు. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇన్నేళ్ళకు దేవుడు నన్ను కూడా చూశాడు అనుకున్నాను.

నా పేరు మార్తమ్మ. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. పెళ్ళయి బెంగళూరు వచ్చాను. మా ఆయన మునిరత్నం ఇక్కడే పుట్టినవాడు, తాతల కాలం నుంచి ఇక్కడి తెలుగువాళ్ళు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ స్టాఫ్ బస్సు నడుపుతాడు. ఆయన చర్చికి రాడు, నన్ను వెళ్ళొద్దని ఎప్పుడూ అనలేదు. మాకు పిల్లలు లేరు. నేను హోసూరు రోడ్డులో ఒక గార్మెంట్స్‌లో చెకింగ్ పని చేసేదాన్ని. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించి, మరకలు, తప్పు కుట్లు వెతకాలి. రోజంతా టేబుల్ ముందు నిలబడే చెయ్యాలి. అక్కడ నాకు పేరు లేదు. "ఏయ్ చెకింగ్" అని పిలుస్తారు.

చదువు నాకు నలభై దాటాక వచ్చింది. మా పాస్టరుగారి భార్యను అందరం అమ్మగారు అంటాం. ఆవిడ ఆదివారం మధ్యాహ్నాలు మాలాంటి ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. తెలుగు చదవడం, రాయడం వచ్చింది. ఇంగ్లీషు రాలేదు. మాత్రల అట్ట మీద ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. రంగు, సైజు చూసి గుర్తుపెట్టుకుంటాను.

బీపీ చాలా ఏళ్ళుగా ఉంది. ఒక మాత్రకు పాదాలు వాచాయి. ఇంకొకదానికి మార్చారు. దానికి మెటోప్రొలాల్ అనే మాత్ర కలిపారు. అయినా దిగలేదు. పెద్ద ఆసుపత్రిలో డాక్టరు గారు రక్తం, మూత్రం టెస్టులు చూసి, కిడ్నీల మీద ఎఫెక్ట్ మొదలైంది, ఇంక ఊరుకోకూడదు అన్నారు. క్లోనిడిన్ అని చిన్న మాత్ర కొత్తగా రాశారు. "ఇది బ్రెయిన్‌లో పనిచేస్తుందమ్మా. నోరు ఎండుతుంది, నిద్ర వస్తుంది. అలవాటవుతుంది. మిస్ చెయ్యొద్దు" అన్నారు. మిస్ చెయ్యొద్దని ప్రతి డాక్టరూ ప్రతి మాత్రకూ చెబుతారు. మందుల షాపతను అన్నీ ఒకే కవరులో వేసి, అన్నీ అన్నం తిన్నాకే వేసుకోవాలి అన్నాడు. ఆ ఒక్క మాట నా బుర్రలో నిలిచిపోయింది.

డాక్టరు గారు చెప్పినట్టే నోరు దూది పెట్టినట్టు ఎండిపోయేది. బస్సులో నిలబడే నిద్రపోయేదాన్ని. కానీ బీపీ దిగింది. ఆ సంతోషంలో మిగతావి పట్టించుకోలేదు. క్లోనిడిన్ మొదలుపెట్టిన నెల తిరగకముందే ఆ శుక్రవారం పడ్డాను. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు తోచనే లేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అప్పుడే డ్యూటీ దిగి టీ తాగుతున్నాడు.

"పడిపోతివా? ఒకరూ లేపలేదా?"

"లేపకూడదు."

"మా బస్సులో ఎవరన్నా పడితే బండి నిలిపి మొగాన నీళ్ళు చల్లుతాము. మీ దేవుడు బండి నిలపడా?"

"మీకు అర్థం కాదులెండి."

"అర్థం కాదప్పా నాకు. నీకు మైకం వస్తాండాది. డాక్టర్‌కి చెప్పల్ల, అంతే."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆయన కూడా ఇంక ఆ మాట ఎత్తలేదు.

తరువాత మళ్ళీ పడ్డాను. ఆ తరువాత కూడా. ఎప్పుడూ మోకాళ్ళ మీద నుంచి లేచినప్పుడే. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు. ప్రార్థన ముగిసే వేళకే కదా ఆత్మ దిగేది అనుకున్నాను. ఆడవాళ్ళు నన్ను చూసే చూపు మారింది. కూడిక అయ్యాక పిల్లల్ని తెచ్చి, "అక్కా, వీడి తల మీద చెయ్యి పెట్టు" అనేవాళ్ళు. వెనక గోడ దగ్గర కూర్చునేదాన్ని ముందు చాప మీదకు పిలిచారు. ముగింపు ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. రూతమ్మ కూతురికి కడుపు నిలవడం లేదు. రెండుసార్లు పోయింది. ఆ అమ్మాయి మళ్ళీ నెల తప్పినప్పుడు రూతమ్మ నా చేతులు పట్టుకుని, "అక్కా, అమ్మగారి ప్రార్థన కన్నా నీ ప్రార్థన మీదే నాకు నమ్మకం" అంది. ఆ మాట తప్పని తెలుసు. అయినా విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది.

పని దగ్గర కూడా తూలేదాన్ని. లంచ్ అయ్యాక బెంచీ మీద నుంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్మేవి. టేబుల్ అంచు పట్టుకుని నిలదొక్కుకునేదాన్ని. ఒకసారి చొక్కాల గుట్ట మీదకు ఒరిగిపోయాను. సూపర్‌వైజర్ నిమ్మకాయ నీళ్ళు తాగించి, ఎండ దెబ్బ, కూర్చో అంది. నేనూ ఎండ దెబ్బే అనుకున్నాను. హాలులో పడితే ఆత్మ, టేబుల్ దగ్గర పడితే ఎండ దెబ్బ. రెండూ ఒకటేనని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

ఆసుపత్రికి చెకప్‌కు వెళితే చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టేవారు. తరువాత స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టేవారు. ఒకసారి ఇంకా కొంచెం ఎక్కువుందని క్లోనిడిన్ రోజుకు మూడుసార్లు చేశారు. ఏమైనా ఇబ్బంది ఉందా అని డాక్టరు గారు అడిగారు. నోరు ఎండుతోందని, నిద్ర వస్తోందని చెప్పాను. పడుతున్నానని చెప్పలేదు. నాకు అది ఇబ్బంది కాదు. దేవుడు చేసే పని డాక్టరుకు ఎందుకు చెబుతాం? ఆయన నన్ను నిలబెట్టి బీపీ చూడలేదు. నేనూ పడుతున్నాననలేదు. అలా ఇద్దరి మధ్యా ఆ సంగతి పడి ఉండిపోయింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా సంఘంలో మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెడతారు. హాలులోనే ఉండి, నీళ్ళు మాత్రం తాగుతూ, వంతుల వారీగా ప్రార్థన చేస్తారు. అంతకుముందు నేను ఎప్పుడూ మూడు రోజులూ ఉండలేదు. ఆ ఏడాది రూతమ్మ కూతురి కోసం కూడా ప్రార్థించాలి, నేను ముందుండాలి అన్నారు. అమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "మార్తమ్మా, నువ్వు మాత్రలు వాడతావు కదా, ఒక పూట ఉంటే చాలు" అన్నారు. నేను మూడు రోజులూ ఉంటానన్నాను. ముందు చాప మీద కూర్చునేదాన్ని ఒక పూటకే లేచి ఇంటికి పోతే ఏం బాగుంటుంది?

మాత్రలు మానెయ్యాలని నేను అనుకోలేదు. విశ్వాసంతో మందులు వదిలేసేవాళ్ళు కొందరుంటారు, నేను ఆ మనిషిని కాదు. తిన్నాకే వేసుకోవాలి, తినడం లేదు, కాబట్టి వేసుకోలేదు. అంతే నా లెక్క. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపు చెడిపోతుందని భయపడ్డాను. ఆ కవరు ఇంట్లో గూటిలోనే ఉండిపోయింది.

మొదటి రోజు బాగానే గడిచింది. ఇంకా చెప్పాలంటే నోటి తడి తిరిగి వచ్చింది, నిద్ర మబ్బు విడిపోయినట్టుంది. ఉపవాసం ఫలితం అనుకున్నాను. రెండో రోజు పొద్దున తలనొప్పి మొదలైంది. మామూలు నొప్పి కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తల వెనక సుత్తితో మోదినట్టుంది. చెమటలు పోశాయి. రవిక తడిసిపోయింది. చేతులు వణకడం మొదలుపెట్టాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. ఏదో జరగబోతోందని భయం, ఎందుకో తెలియదు.

వణుకుతున్న నా చేతుల్ని చూసి ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆత్మ బలంగా దిగింది అన్నారు. ప్రార్థన గట్టిగా సాగింది. నేనూ అదే అనుకుని కళ్ళు మూసుకున్నాను. తరువాత వాంతి అయింది. నీళ్ళ గ్లాసు అందుకోబోతే ఎడమ చెయ్యి లేవలేదు. రూతమ్మతో ఏదో చెప్పబోయాను. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. నా మొహం ఒక పక్కకు లాగడం ముందు రూతమ్మే చూసింది. ప్రార్థన ఆపమని ఆమే అరిచింది. మా ఆయనకు ఫోన్ చేసింది కూడా ఆమే.

ఆయన బూట్లు విప్పకుండానే మెట్లెక్కి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ హాలులోకి ఆయన రావడం అదే మొదటిసారి. ఎవరో, "అన్నా, ఒక్క నిమిషం, పాస్టరయ్యగారు వస్తున్నారు" అన్నారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నా పెండ్లాన్ని నాకిచ్చేయండప్పా" అన్నాడు.

నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని కిందికి దింపాడు. వచ్చేటప్పుడు ఆయన ఇంటికి పోయి గూటిలో ఉన్న మందుల కవరు కూడా చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. దాని వల్లే నేను బతికానని తరువాత డాక్టర్లు అన్నారు.

క్యాజువాల్టీలో బీపీ రెండు వందల ముప్పై దాటి ఉందట. తలకు సీటీ స్కాన్ తీశారు. కుడి వైపు మెదడులో చిన్న బ్లీడ్, నరం చిట్లి రక్తం కారిందట. అక్కడి కుర్ర డాక్టరు అట్టలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ క్లోనిడిన్ దగ్గర ఆగాడట. "ఇది చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు?" అని అడిగితే మా ఆయనకు అది తెలియదు. అట్టలో మిగిలిన మాత్రలు చూసి వాళ్ళే లెక్క కట్టుకున్నారు. చేతికి డ్రిప్ పెట్టారు. ఐసీయూలో ఉన్నన్ని రోజులు నాకు గుర్తున్నది పైకప్పు లైటు, మిషను కూత, ఎడమ చెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉండటం. అంతే.

వార్డులోకి మార్చాక ఒక డాక్టరమ్మ రోజూ వచ్చేది. కన్నడ ఆవిడ. తెలుగు బాగానే మాట్లాడేది. ఒక రోజు నన్ను పడుకోబెట్టి బీపీ చూసింది. తరువాత నర్సును, మా ఆయనను చెరోవైపు పట్టుకోమని నన్ను నిలబెట్టి మళ్ళీ చూసింది. పడుకున్నప్పుడు నూట యాభై పైన ఉన్నది నిలబడేసరికి నూటికి వచ్చింది. నాకు అదే బూడిద రంగు, అదే చెవి మోత. వెంటనే పడుకోబెట్టారు. మెల్లగా రంగులు తిరిగి వచ్చాయి. ఒళ్ళు తేలికైంది.

ఆవిడ మంచం పక్కన కూర్చుని ఓపికగా చెప్పింది. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి జారుతుందట. మెడలో పెద్ద రక్తనాళం దగ్గరున్న నరాలు అది కనిపెట్టి మెదడుకు చెబుతాయట. మెదడు వెంటనే రక్తనాళాలను బిగించమని, గుండెను వేగం పెంచమని ఆర్డరు పంపుతుందట. ఇది రిఫ్లెక్స్, కంట్లో నలుసు పడితే రెప్ప మూసుకున్నట్టు దానంతట అదే జరగాలి అంది. క్లోనిడిన్ మెదడు దగ్గరే ఆ ఆర్డర్లను తగ్గిస్తుంది. అందుకే బీపీ దిగుతుంది. కానీ లేచినప్పుడు రావాల్సిన ఆర్డరు కూడా కొందరికి చాలినంత రాదు. నాకు తోడుగా ఉన్న మెటోప్రొలాల్ గుండెను వేగం పెంచనివ్వదు. దీన్ని పోస్చురల్ హైపోటెన్షన్ అంటారని చెప్పింది. ఇక హఠాత్తుగా ఆపేస్తే, అణిగి ఉన్న ఆర్డర్లన్నీ ఒక్కసారి తెగబడతాయట. దాని పేరు రీబౌండ్. మాత్ర మంచిదే, అందరికీ ఇలా కాదు, చెప్పాపెట్టకుండా ఆపకూడదు అంతే అంది.

నేను పైకప్పు చూస్తూ విన్నాను. తరువాత అడిగాను. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"అయితే మేడమ్, ముందు పడినవన్నీ ఇదేనా?"

"ముందా? ఎప్పుడు పడ్డారు?"

అప్పుడు మొత్తం చెప్పాను. మోకాళ్ళు, పాట, చున్నీ, అన్నీ. మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఎన్నిసార్లు, లేచిన ఎంతసేపటికి అని అడిగింది. ఆఖరున నేను దాచుకున్నది అడిగాను. పడ్డాక అంత నెమ్మది ఎందుకు కలిగేది?

ఆవిడ, "పడుకోగానే రక్తం తిరిగి తలకు వస్తుందమ్మా. అందుకే హాయిగా ఉంటుంది. నేను రక్తం గురించి చెప్పగలను. ప్రార్థన గురించి నాకు తెలియదు" అంది.

ఆవిడ వెళ్ళాక మంచం దగ్గర మా ఆయన ఒక్కడే మిగిలాడు. ఆయన ఆ రోజు నన్ను ఎత్తిపొడిచి ఉంటే కొంచెం బాగుండేది, గొడవైనా పడేదాన్ని. ఆయన ఒక్క మాటే అన్నాడు. "నాకు తెలుసు, సుమ్నే నోరు మూసుకొని ఉంటిని. నిన్ను ఆ పొద్దే గుంజుకొని పోవల్ల ఆసుపత్రికి."

జబ్బు వల్ల చెయ్యి పోయింది, కాలు పోయింది. అవి కొంత తిరిగి వస్తాయని చెప్పారు. ఆ చాప మీద నాకు దొరికింది మాత్రం డాక్టరమ్మ చెప్పిన మూడు నాలుగు మాటలతో పోయింది. దాన్ని తిరిగి తెచ్చే ఫిజియోథెరపీ లేదు. నన్ను చూశాడనుకున్నాను. చూసింది ఎవరూ లేరు, అది కాళ్ళలోకి జారిన రక్తం. మంచం మీద పడుకుని ఇదే తిప్పి తిప్పి అనుకునేదాన్ని.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆసుపత్రిలోనే మళ్ళీ మొదలుపెట్టిన క్లోనిడిన్ ఇంకా వేసుకోవాల్సి వచ్చింది, మెల్లమెల్లగా తగ్గించి ఆపడానికి. ముందు మెటోప్రొలాల్ తగ్గించారు, అది పూర్తిగా ఆగాక క్లోనిడిన్ కొంచెం కొంచెంగా తగ్గించారు. వేరే మాత్రలు మొదలుపెట్టారు. ఆ నెలలన్నీ మబ్బుగా గడిచాయి. ఏ పని మీదా మనసు పోదు. ఏడుపు కూడా రాదు. ఆ మందు వల్ల కూడా కొందరికి మనసు అలా దిగులు పడుతుందని డాక్టరమ్మ అంది. ఏది మందు వల్ల, ఏది నా వల్ల అని నేను తేల్చుకోలేకపోయాను. బాత్రూంలో వేడినీళ్ళు పోసుకుని లేచి ఒకసారి పడ్డాను. మంచి చెయ్యి మణికట్టు విరిగింది. ఎడమది ఇంకా పట్టు రాలేదు, కుడిదానికి కట్టు. అన్నం మా ఆయనే తినిపించాడు. డ్యూటీకి సెలవు పెట్టి, ఉప్మా అడుగంటించి, "తిను, మా కంపెనీ క్యాంటీన్ కన్నా మేలే" అనేవాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు.

సంఘం నుంచి ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళకు ఏం చెప్పాలా అని చాలా ఆలోచించాను. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. నా జబ్బు ఉపవాసం వల్ల వచ్చిందనుకుంటారు, అంతకుముందుది అలాగే ఉండిపోతుంది. కానీ ముందు చాప మీద ఇంకెవరో కూర్చుంటారు. రేపు ఇంకొకరు పడితే మళ్ళీ గుడ్డే కప్పుతారు. అందుకే రూతమ్మ, అమ్మగారు కలిసి వచ్చిన రోజు డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే చెప్పాను.

రూతమ్మ ముఖం మాడిపోయింది. ఆమె కూతురికి అప్పటికి ఆరో నెల. "నీ అభిషేకాన్ని నువ్వే కాదంటున్నావా అక్కా? మరి నువ్వు నా బిడ్డ కడుపు మీద చెయ్యి పెట్టి చేసిన ప్రార్థన ఏంటి? అది కూడా మాత్రేనా?"

ప్రార్థన నేనే చేశానని, అది మనసులోంచే వచ్చిందని చెప్పాను. ఆమె వినలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మగారు కదలకుండా కూర్చున్నారు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. ఆవిడ నా చచ్చుబడిన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "మేం నిన్ను లేపి ఉండాల్సింది మార్తమ్మా" అన్నారు.

ఇదంతా జరిగి ఏడాదిన్నర దాటింది. క్లోనిడిన్ పూర్తిగా ఆగింది. మబ్బు కొంత విడిపోయింది. బీపీ ముందంత బాగా కంట్రోల్‌లో ఉండదు, అప్పుడప్పుడు మాత్రలు మారుస్తారు. కిడ్నీ టెస్టుకు వెళ్ళినప్పుడల్లా రిపోర్టు రెండుసార్లు చదివించుకుంటాను. ఎడమ కాలు ఈడుస్తాను. చెయ్యి గ్లాసు పట్టుకుంటుంది, బరువు ఎత్తదు. గార్మెంట్స్ పని పోయింది. నిలబడలేనివాళ్ళకు చెకింగ్‌లో చోటు లేదు. పొద్దున లేవగానే మంచం అంచున కాసేపు కూర్చుని, కాలి మడమలు ఆడించి, గోడ పట్టుకుని లేస్తాను. మా ఆయన గదిలోంచి బయటికి పోకుండా నేను నిలబడేదాకా చూస్తాడు. చూడనట్టు నటిస్తాడు.

రూతమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది. నాకు వేరేవాళ్ళు చెబితే తెలిసింది. పాపను చూపించడానికి నా దగ్గరకు తేలేదు. నాతో మాట్లాడదు. తన బిడ్డ నిలబడింది నా ప్రార్థన వల్లనే అని అందరికీ చెబుతుందట. ఆ ప్రార్థన చేసిన మనిషి వేరు, ఇప్పుడున్న నేను వేరు అన్నట్టుంది ఆమెకు. ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తుంది.

చర్చికి వెళుతున్నాను. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. అందరూ మోకాళ్ళ మీదకు వంగినా, పాటకు లేచినా నేను కుర్చీలోనే ఉంటాను. ముగింపు ప్రార్థన నన్ను ఎవరూ అడగరు. అడగనందుకు బాధ లేదనను. దేవుడి మీద కోపం లేదు. ఆయన ఉన్నాడా అనే సందేహం కూడా రాలేదు. కానీ ఆ చాప మీద కలిగిన నెమ్మది మళ్ళీ రాలేదు. అది రక్తమేనని తెలిసినా, ఇప్పటికీ కళ్ళు మూసుకుని దాన్నే వెతుకుతాను. ఇది డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే తీరే జబ్బు కాదు.

బీపీకి మందులు వాడే ఆడవాళ్ళకు, ముఖ్యంగా మెదడు మీద పనిచేసే మాత్ర వాడేవాళ్ళకు నాకు తెలిసింది చెబుతాను. చెకప్‌కు వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి చూశాక, నిలబెట్టి కూడా ఒకసారి చూడమని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి, దానికి కొత్త మిషను అక్కర్లేదు. ఉపవాసం ఉండాలనుకుంటే ఏ మాత్ర ఎలా వేసుకోవాలో ముందు డాక్టరును అడగండి. తినని రోజు కూడా వేసుకోవాల్సిన మాత్రలుంటాయి. ఇంట్లో గానీ, పని దగ్గర గానీ, ప్రార్థనలో గానీ ఎప్పుడు పడ్డా, కళ్ళు తిరిగినా డాక్టరుకు చెప్పండి. ఎందుకు పడ్డామో మనమే తేల్చుకుని ఊరుకోవద్దు. పడ్డాను అని చెప్పడం వరకే మన వంతు.